పంపు తుపాకా, సెమీ ఆటోమేటిక్కా? రాయచూరు మాగాణుల్లో ఒక ఎంపిక

కృష్ణా తుంగభద్రల నడుమ విస్తరించిన రాయచూరు అంతర్వేదికి తుపాకితో ఉన్న సంబంధం ఐదు శతాబ్దాల నాటిది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి రాయచూరు కోటను స్వాధీనం చేసుకున్నప్పుడు, క్రిస్టొవావ్ ది ఫిగెరెదో అనే పోర్చుగీసు నాయకుడి వెంట వచ్చిన తుపాకిదార్లు కోటగోడల మీది రక్షకులను గురిచూసి కొట్టడం వల్లనే గోడ రాళ్లను ఊడబెరికేవారికి దారి చిక్కిందని, ఆ యుద్ధాన్ని వివరంగా నమోదు చేసిన పోర్చుగీసు రచయిత న్యూనిజ్ రాతల వల్ల తెలుస్తున్నది. ఆ కాలపు తుపాకికైనా, ఫిరంగికైనా ఒకసారి పేల్చిన తరువాత మళ్లీ మందు దట్టించి, గుండు వేసి, నిప్పు అంటించడానికి పట్టే వ్యవధే అతిపెద్ద బలహీనత. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య ఉన్న ఆ వ్యవధిని తగ్గించడానికి ఆ తరువాతి నాలుగు వందల ఏళ్లలో జరిగిన ప్రయత్నాల్లో చివరి రెండు మెట్లే నేటి పంపు తుపాకి, సెమీ ఆటోమేటిక్ తుపాకి.

ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్న అమెరికా వంటి దేశాల్లో వేటగాళ్ల మధ్య తరతరాలుగా నలుగుతున్నది. అక్కడి సమాధానాలు చాలావరకు అక్కడి అడవులకు, అక్కడి చట్టాలకు, అక్కడి దుకాణాలకు సరిపోయేవి. తుంగభద్ర ఎడమ కాలువ కింద 1950ల నుంచి కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడిన సింధనూరు, మాన్వి ప్రాంతాల క్యాంపుల్లోనూ, నల్లరేగడిలో పత్తి, కంది, మిరప పండించే మెట్ట గ్రామాల్లోనూ, బ్యాంకు శాఖల గుమ్మాల దగ్గరా లైసెన్సు తుపాకి పట్టుకునే మనిషి అవసరాలు వేరు, అతనికి చట్టం ఇచ్చిన వెసులుబాటు వేరు, అతని చేతికి అందే తూటా వేరు. కాబట్టి ఈ ప్రశ్నను యంత్రం వైపు నుంచి కాక, ఈ నేల వైపు నుంచి, ఈ చట్టం వైపు నుంచి పరిశీలించడం అవసరం.

నునుపు గొట్టం, పన్నెండు బోరు

షాట్‌గన్ అంటే లోపల మెలికల గాడులు లేని నునుపు గొట్టం కలిగిన తుపాకి. రైఫిలు గొట్టంలోని గాడులు ఒకే గుండును తిప్పుతూ చాలా దూరం సూటిగా పంపితే, షాట్‌గన్ ఒక్క తూటాలోని అనేక సీసపు గుళ్లను గుంపుగా విడిచిపెడుతుంది. ఆ గుళ్లు దూరం పెరిగేకొద్దీ విచ్చుకుంటూ పోతాయి కనుక కదిలే లక్ష్యాన్ని కొట్టడం సులువు అవుతుంది గాని, కొద్ది దూరానికే వాటి బలం తగ్గిపోతుంది. మన దేశంలో అత్యధికంగా వాడుకలో ఉన్నది 12 బోరు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గోళాలుగా పోతపోస్తే ఒక్కొక్క గోళానికి వచ్చే వ్యాసమే ఆ గొట్టపు లోపలి వ్యాసమని ఈ కొలతకు అర్థం, అంటే దాదాపు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు.

తూటాలోని గుళ్ల పరిమాణాన్ని అంకెలతోనూ అక్షరాలతోనూ సూచిస్తారు. ఎల్‌జీ, ఎస్‌జీ అనేవి ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్ల వ్యాసం గల పెద్ద గుండ్లు కాగా, 4, 6 వంటి అంకెలు గలవి సుమారు మూడు మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ వ్యాసం గల చిన్న గుళ్లు. గొట్టం మూతి దగ్గర ఉండే స్వల్పమైన ఇరుకును చోక్ అంటారు, అది గుళ్లు ఎంత త్వరగా విచ్చుకోవాలో నిర్ణయిస్తుంది. పూర్తి చోక్ ఉన్న గొట్టం నలభై గజాల దూరంలో ముప్పై అంగుళాల వృత్తంలోకి సుమారు డెబ్బై శాతం గుళ్లను చేరుస్తుందన్నది పరిశ్రమలో స్థిరపడిన ప్రమాణం. చిన్న గుళ్లు నలభై గజాలు దాటితే లక్ష్యాన్ని పడగొట్టే శక్తిని కోల్పోతాయి గాని, గాయం చేసే శక్తితో రెండు వందల మీటర్ల పైచిలుకు ప్రయాణించగలవు. నీళ్లు నిలిచిన వరిమడి మీద తక్కువ కోణంలో తగిలిన గుళ్లు చెదిరి పక్కలకు ఎగిరిపోతాయి కూడా. నాట్లప్పుడూ కోతలప్పుడూ పదుల సంఖ్యలో కూలీలు ఉండే కాలువ కింది పొలాల్లో ఈ వాస్తవం తుపాకి రకాన్ని మించిన ప్రాధాన్యం గలది.

ముందుపట్టును లాగితే నడిచే యంత్రం

పంపు తుపాకిలో గొట్టం కింద మరొక సన్నని గొట్టం ఉంటుంది, దానిని మ్యాగజైను అంటారు. తూటాలు అందులో ఒకదాని వెనుక ఒకటి పడుకుని ఉంటాయి. ఎడమచేతితో పట్టుకునే ముందుపట్టు ఆ గొట్టం మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. తుపాకి పేలిన తరువాత దానిని వెనక్కి లాగితే తూటా అరను మూసి ఉంచిన బోల్టు తెరుచుకుని, ఖాళీ తొడుగును బయటకు విసిరి, కొట్టే సుత్తిని బిగిస్తుంది. ముందుకు తోస్తే మ్యాగజైనులోంచి లేచిన కొత్త తూటా అరలోకి చేరి బోల్టు తాళం పడుతుంది. ఈ పనికి కావలసిన బలం మొత్తం మనిషి చేతి నుంచే వస్తుంది, తూటా పేలుడు నుంచి యంత్రం ఏమీ తీసుకోదు.

ఈ పద్ధతికి 1880లలోనే రూపాలు వచ్చినా, స్థిరమైన ఆకృతిని ఇచ్చినవాడు అమెరికా ఆయుధ నిర్మాత జాన్ బ్రౌనింగ్. అతడు రూపొందించిన వించెస్టర్ 1897 నమూనా పది లక్షలకు పైగా తయారై, మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల పోరుకు వెళ్లింది. దాని వల్ల కలుగుతున్న గాయాలు యుద్ధ నియమాలకు విరుద్ధమని 1918 సెప్టెంబరులో జర్మనీ దౌత్యమార్గంలో నిరసన తెలిపింది. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 కోటికి పైగా అమ్ముడై, ప్రపంచంలో అత్యధికంగా తయారైన షాట్‌గన్లలో ఒకటిగా నిలిచింది. మన దేశంలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు కూడా 12 బోరు పంపు తుపాకిని తయారుచేశాయి. 2010 నుంచి కశ్మీరులో గుంపులను చెదరగొట్టడానికి కేంద్ర బలగాలు వాడిన పెల్లెట్ తుపాకి ఈ రకానిదే. ప్రాణం తీయదని చెప్పిన ఆ ఆయుధం వల్ల అనేకులు కళ్లు పోగొట్టుకున్నారన్న సంగతి, చిన్న గుళ్లను తేలికగా తీసుకోరాదన్న హెచ్చరికగా ప్రతి తుపాకిదారూ గుర్తుంచుకోవలసినది.

తన బలంతో తానే నింపుకునే యంత్రం

సెమీ ఆటోమేటిక్ తుపాకిలో ఈ పనినంతటినీ పేలుడు శక్తే చేస్తుంది. ట్రిగ్గరును నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా మాత్రమే పేలుతుంది, అయితే ఖాళీ తొడుగు బయటపడటం, కొత్త తూటా అరలోకి చేరడం, సుత్తి బిగుసుకోవడం మనిషి ప్రమేయం లేకుండా క్షణంలో ముగిసిపోతాయి. ట్రిగ్గరును నొక్కి ఉంచినంతసేపూ పేలుతూ పోయేది పూర్తి ఆటోమేటిక్ ఆయుధం. అది సామాన్య పౌరులకు నిషిద్ధమైనది, ఇక్కడి చర్చకు సంబంధం లేనిది.

పేలుడు శక్తిని వాడుకునే పద్ధతులు ముఖ్యంగా మూడు. మొదటిదానిలో గొట్టమూ బోల్టూ కలిసి వెనక్కి జరిగి, తరువాత విడివడి పనిచేస్తాయి. జాన్ బ్రౌనింగ్ 1900లో పేటెంటు పొందిన ఆటో-5 ఈ రకానిది. వించెస్టర్ సంస్థతో ఒప్పందం కుదరక, రెమింగ్టన్ అధ్యక్షుడు హఠాత్తుగా మరణించడంతో, బ్రౌనింగ్ ఆ నమూనాను బెల్జియంలోని ఎఫ్ఎన్ కర్మాగారానికి తీసుకువెళ్లాడు, అది దాదాపు శతాబ్దం పాటు తయారైంది. రెండో పద్ధతిలో గొట్టానికి ఉన్న చిన్న రంధ్రం గుండా కొంత వాయువు మళ్లి ముషలకాన్ని వెనక్కి నెడుతుంది, 1963 నాటి రెమింగ్టన్ 1100 ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మూడో పద్ధతిలో తుపాకి మొత్తం వెనక్కి తన్నుకున్నప్పుడు బరువైన బోల్టు జడత్వం వల్ల క్షణకాలం అక్కడే నిలవడంతో నొక్కుకుపోయిన స్ప్రింగు యంత్రాన్ని నడిపిస్తుంది. ఇటలీకి చెందిన బెనెల్లి సంస్థ ఈ పద్ధతిని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. మూడింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. తూటా తగినంత బలంగా, ప్రతిసారీ ఒకే తీరుగా పేలితేనే ఇవి సక్రమంగా నడుస్తాయి.

సాధారణ వాడకం అంటే ఇక్కడ ఏమిటి?

విదేశీ పుస్తకాల్లో సాధారణ వాడకం అన్నప్పుడు వేట, మట్టి పళ్లాల క్రీడ, ఇంటి రక్షణ అనే మూడూ కలిసి ఉంటాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటిదానిని తొలగించింది. ఆ చట్టం తొమ్మిదో సెక్షను వేటను నిషేధిస్తుంది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి. రైతుకు అత్యధిక నష్టం చేసే అడవి పంది కూడా 2022 సవరణ తరువాత రెండో షెడ్యూలులో రక్షణ పొందుతున్నది. ప్రాణానికీ, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికీ ప్రమాదకరంగా మారిన రెండో షెడ్యూలు జంతువును చంపడానికి పదకొండో సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, అతడు అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2022లో కేరళ ప్రభుత్వం అడవి పందుల విషయంలో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తీసుకువెళ్లింది. అనుమతి కాగితం లేకుండా, చేతిలో లైసెన్సు తుపాకి ఉంది కదా అని పందిని కాల్చిన రైతు నేరస్థుడే అవుతాడు. తుపాకి లైసెన్సు ఆయుధాన్ని ఉంచుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే, జంతువును చంపడానికి ఇచ్చినది కాదు.

ఆయుధాన్ని ఉంచుకునే హక్కును 1959 నాటి ఆయుధాల చట్టమూ, 2016 నాటి ఆయుధాల నిబంధనలూ నియంత్రిస్తాయి. ఆ చట్టం పదమూడో సెక్షను రక్షణకూ క్రీడకూ వాడే తుపాకిని ఇరవై అంగుళాలకు తక్కువ కాని గొట్టం గల నునుపు తుపాకిగా నిర్వచిస్తుంది. పంట రక్షణకు మూతి నుంచి మందు దట్టించే తుపాకిని ప్రస్తావిస్తూ, అది చాలదని అధికారి భావిస్తే మరో నునుపు తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని అదే సెక్షను చెబుతుంది. అంటే చట్టం దృష్టిలో పంట కాపలాకు మొదట గుర్తుకొచ్చేది ఒక్కసారి పేలి ఆగిపోయే తుపాకే, వరుసగా పేల్చేది కాదు. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. రెండే అవకాశాలు ఉన్నప్పుడు ఎంపికలో పొరపాటుకు చోటు తక్కువ.

రాయచూరులాగే కర్ణాటకలో ఉన్నా కొడగు జిల్లా పరిస్థితి వేరు. అక్కడి కొడవ సముదాయంవారికీ, జమ్మా అనే వంశపారంపర్య భూమి గలవారికీ బ్రిటిషు కాలం నుంచి వస్తున్న లైసెన్సు మినహాయింపును కేంద్రం 2029 దాకా పొడిగించగా, కర్ణాటక హైకోర్టు 2021లో దానిని సమర్థించింది. రాయచూరు రైతుకు అటువంటి వెసులుబాటు లేదు, అతడు జిల్లాధికారి కార్యాలయానికి వెళ్లవలసిందే. ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. నిబంధనలు తుపాకులను వర్గీకరించేటప్పుడు గొట్టం పొడవునూ, సెమీ ఆటోమేటిక్ అన్న లక్షణాన్నీ లెక్కలోకి తీసుకుంటాయి. అందువల్ల ఏ నమూనానైనా బయానా ఇచ్చి ఖాయం చేసుకునే ముందు, దానిని తన లైసెన్సు మీద నమోదు చేస్తారా లేదా అన్నది కార్యాలయంలో రాతపూర్వకంగా తేల్చుకోవడం వివేకం. 1980ల మధ్య నుంచి వ్యక్తులు తుపాకులను దిగుమతి చేసుకోవడం నిలిచిపోయింది కనుక, విదేశీ సెమీ ఆటోమేటిక్కులు చాలావరకు పాత యజమానుల నుంచి చేతులు మారుతూ, అసలు విలువకు ఎన్నో రెట్ల ధర పలుకుతూ, విడిభాగాలు దొరకని స్థితిలో వస్తాయి.

తూటా, దుమ్ము, తన్ను, భద్రత

పై వాస్తవాల వెలుగులో రెండు యంత్రాలనూ నాలుగు కొలతలతో తూచవచ్చు. మొదటిది తూటా. భారతీయ తుపాకిదారు ప్రధానంగా ఆధారపడేది పుణె సమీపంలోని ఖడ్కీ కర్మాగారం నుంచి వచ్చే శక్తిమాన్ తూటాల మీద. దొరికిన డీలరు దగ్గర దొరికిన సైజు కొని, ఏళ్ల తరబడి ఇంట్లో దాచుకోవడం గ్రామాల్లో మామూలు. తేమ తగిలితే కాగితపు తొడుగు గల తూటా ఉబ్బుతుంది, పాతబడిన మందు బలం తగ్గుతుంది. ఇటువంటి తూటా పంపు తుపాకిలో పేలితే చేతితో లాగి తొడుగును బయటపడేయవచ్చు, సెమీ ఆటోమేటిక్‌లో పేలితే తొడుగు సగంలో ఇరుక్కుని తుపాకి నిలిచిపోతుంది. లైసెన్సు పుస్తకంలో ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో రాసి ఉంటుంది కనుక, తన తుపాకికి ఏ తూటా సరిపడుతుందో వందల తూటాలు కాల్చి తెలుసుకునే అవకాశం అమెరికా వేటగాడికి ఉన్నట్టుగా ఇక్కడి రైతుకు లేదు. ఈ ఒక్క కారణమే త్రాసును పంపు తుపాకి వైపు గట్టిగా మొగ్గేటట్టు చేస్తుంది.

రెండోది దుమ్మూ వేడిమీ. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండ, ఎండిన రేగడి నుంచి లేచే సన్నని ధూళి, కాలువ గట్ల తేమ ఈ ప్రాంతపు స్వభావం. అతిగా పూసిన నూనె వేడికి జిగురుగా మారి ధూళిని పట్టి ఉంచుతుంది. వాయువుతో నడిచే తుపాకిలో రంధ్రమూ ముషలకమూ మసితో పూడుకుపోతాయి కనుక, కాల్చిన ప్రతిసారీ వాటిని విప్పి తుడవవలసి ఉంటుంది. జడత్వంతో నడిచేది ఈ విషయంలో శుభ్రమైనదే గాని, తేలికపాటి తూటాలతో మొరాయిస్తుంది. పంపు తుపాకికీ శుభ్రత అవసరమే, అయితే కొద్దిపాటి నిర్లక్ష్యాన్ని చేతి బలం అధిగమించగలదు. తుపాకి మరమ్మతు లైసెన్సు గలవారే చేయాలి, సెమీ ఆటోమేటిక్ లోపలి పనితనం తెలిసినవారి కోసం హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల దాకా వెళ్లవలసి రావచ్చు.

మూడోది భుజం మీద పడే తన్ను, దానితో ముడిపడిన వేగం. ఈ కొలతలో సెమీ ఆటోమేటిక్కుదే పైచేయి అని ఒప్పుకోక తప్పదు. ముఖ్యంగా వాయు పద్ధతి తుపాకి తన్నును కొంతసేపు సాగదీసి మెత్తబరుస్తుంది, వృద్ధులకూ భుజం నొప్పి ఉన్నవారికీ అది నిజమైన ఉపకారం. రెండో దెబ్బ కోసం చేతిని కదిలించనక్కరలేదు కనుక గురి చెదరదు. పంపు తుపాకిలో కంగారుగా ఉన్న మనిషి ముందుపట్టును పూర్తిగా వెనక్కి లాగకుండానే ముందుకు తోస్తే కొత్త తూటా అరలోకి చేరదు. మూడు వందల అరవై రోజులు మూల నిలబెట్టి, అవసరం వచ్చిన రాత్రి తీసేవాడికి ఈ తడబాటు ఎక్కువగా ఎదురవుతుంది. అభ్యాసం ఒక్కటే దీనికి విరుగుడు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, భద్రత. సెమీ ఆటోమేటిక్ ఒకసారి పేలిన క్షణంలోనే రెండో తూటాను అరలో పెట్టుకుని, సుత్తి బిగించుకుని సిద్ధంగా నిలుస్తుంది. చీకట్లో గట్టు మీద జారినా, బోదె దాటుతూ తూలినా, ఉద్వేగంలో వేలు ట్రిగ్గరు మీదే ఉండిపోయినా రెండో పేలుడు జరగవచ్చు. పంపు తుపాకి మాత్రం చేయి కదిలేదాకా మళ్లీ పేలదు. తన రెండో దెబ్బ ఎవరి మీద, ఎందుకు, ఏ దిక్కుకు అన్నది తేల్చుకోవడానికి ఆ కదలిక మనిషికి ఒక క్షణం ఇస్తుంది. ఆత్మరక్షణ హక్కును వివరించే భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లు కూడా అవసరానికి మించిన హానిని అనుమతించవు. మొదటి దెబ్బను న్యాయస్థానంలో సమర్థించుకోగలిగిన మనిషి, ఆలోచన లేకుండా వెలువడిన రెండో దెబ్బను సమర్థించుకోలేకపోవచ్చు.

పక్కన పెట్టకూడని జంట గొట్టాలు

ఈ రెండింటి పోటీలో మరచిపోయేది, మన దేశంలో తరతరాలుగా అందరి చేతుల్లోనూ ఉన్న మడత తుపాకి. ఒక గొట్టం గలదాన్ని ఎస్‌బీబీఎల్ అని, జంట గొట్టాలు గలదాన్ని డీబీబీఎల్ అని లైసెన్సు పుస్తకాల్లో రాస్తారు. గొట్టాన్ని మధ్యకు విరిచి తూటా పెట్టే ఈ తుపాకి, విరిచి ఉంచినప్పుడు పది అడుగుల దూరంలో నిలబడ్డ పిల్లవాడికి కూడా ఖాళీగా ఉన్నదో లేదో కనిపిస్తుంది. మ్యాగజైను గొట్టంలో దాగిన తూటా గురించి అటువంటి భరోసా మిగిలిన రెండింటిలో లేదు. జంట గొట్టాలకు వేర్వేరు చోక్‌లు ఉండటం వల్ల దగ్గరి లక్ష్యానికొకటి, దూరపు లక్ష్యానికొకటి క్షణంలో ఎంచుకోవచ్చు. ఒలింపిక్ ట్రాప్, స్కీట్ క్రీడల్లో పోటీపడేవారు ఒకదాని మీద ఒకటి అమర్చిన జంట గొట్టాల తుపాకినే విస్తారంగా వాడటానికి ఇదొక కారణం. 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్ పోటీలో పాల్గొన్న హైదరాబాదు క్రీడాకారుడు కైనాన్ చెనాయ్ సాధన చేసినది ఈ క్రీడలోనే. పాత జంట గొట్టాల తుపాకులతో ఒక జాగ్రత్త తప్పనిసరి. 65 మిల్లీమీటర్ల అర గల తుపాకిలో 70 మిల్లీమీటర్ల తూటాను ఎన్నడూ పేల్చరాదు, తెరుచుకోవడానికి చోటు లేని తొడుగు గొట్టంలో ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచుతుంది.

ఇతర దేశాల అనుభవం

ఈ రెండు రకాలనూ ప్రభుత్వాలు ఎలా చూస్తున్నాయన్నది కూడా ఆలోచింపజేసే విషయం. బ్రిటన్ 1988 సవరణ చట్టం ద్వారా, రెండు తూటాలకు మించి పట్టే మ్యాగజైను గల పంపు, సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్లను మామూలు షాట్‌గన్ పత్రం పరిధి నుంచి తప్పించింది. పోర్ట్ ఆర్థర్ మారణకాండ తరువాత 1996లో ఆస్ట్రేలియా ఐదు తూటాలకు మించని సామర్థ్యం గల పంపు, సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్లను ఒకే వర్గంలో చేర్చి, వాటిని ప్రధానంగా నిజమైన అవసరం చూపగలిగిన వ్యవసాయదారుల వంటి వారికి పరిమితం చేసి, మడత తుపాకిని అంతకన్నా సులభమైన వర్గంలో ఉంచింది. వరుసగా పేల్చగల సామర్థ్యం దానంతట అదే ఒక గొప్ప గుణం కాదని, అవసరాన్ని బట్టి మాత్రమే దానికి అర్హత కలుగుతుందని ఈ రెండు దేశాలూ అనుభవం మీద నిర్ణయించుకున్నాయి.

ఎవరికి ఏది?

కాలువ కింది వరి రైతుకూ, మెట్ట రైతుకూ పంట కాపలా కోసమే తుపాకి కావాలంటే మడత తుపాకి చాలు. శబ్దంతో జంతువులను తరమడానికి ఒకటి రెండు పేలుళ్లకు మించిన అవసరం ఉండదు. నిజానికి సౌరకంచె, రాత్రి కాపలా, అటవీశాఖ ఈ-పరిహార విధానంలో నష్టపరిహారానికి దరఖాస్తు అనే మూడూ తుపాకి కన్నా ఎక్కువ పంటను కాపాడగలవు. ఊరికి దూరంగా పొలంలోనే ఇల్లు కట్టుకుని ఉంటూ, ఆత్మరక్షణకూ కాపలాకూ కలిపి ఒకే తుపాకి కోరుకునేవారికి, ఈ వ్యాసం పోల్చిన రెండింటిలో పంపు తుపాకి తగినది. ఏ తూటానైనా మింగగలగడం, ధూళిని తట్టుకోవడం, తక్కువ ధర, ప్రతి పేలుడుకూ ముందు మనిషి నిర్ణయాన్ని కోరడం దానికి అర్హతలు.

బ్యాంకు శాఖల దగ్గరా, నగదు బండ్లలోనూ పనిచేసే కాపలాదారుకు కూడా ఇదే సమాధానం వర్తిస్తుంది. నగదు తరలించే ప్రతి బండిలోనూ కనీసం ఇద్దరు సాయుధ రక్షకులు ఉండాలని 2018 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. జనసమ్మర్దం ఉన్న బజారులో నిలబడే ఆ మనిషికి వేగం కన్నా నిగ్రహం అవసరం. సైన్యంలోనో పోలీసులోనో పనిచేసి వచ్చినవారికి పంపు తుపాకి అలవాటు చేయడం తేలిక. అయితే సంస్థలు తుపాకి ఇచ్చి ఊరుకోక, ఏటా కొన్ని తూటాలైనా కాల్పుల సాధన చేసే రేంజిలో కాల్పించి, ముందుపట్టు లాగే అలవాటును చేతికి ఎక్కించాలి.

సెమీ ఆటోమేటిక్ ఎవరికి తగునంటే, రేంజిలో క్రమం తప్పకుండా సాధన చేస్తూ, ఒకే రకం నాణ్యమైన తూటాలు సమకూర్చుకోగలిగి, తుపాకిని విప్పి శుభ్రం చేయడం నేర్చుకున్న క్రీడాకారుడికి తగును. తన్ను భరించలేని శరీర పరిస్థితి గలవారికి కూడా, తగిన శిక్షణతో, అది ఉపయోగపడుతుంది. మిగిలినవారి విషయంలో దాని గొప్పదనం కాగితం మీదనే ఉంటుంది.

తుపాకితో పాటు వచ్చే బాధ్యతలు

ఏ రకం ఎంచుకున్నా కొన్ని నియమాలు మారవు. 2016 నిబంధనలు భద్రతా శిక్షణ పొందినట్టు ధ్రువపత్రాన్ని కోరుతున్నాయి, దానిని సంతకం కోసం తెచ్చుకునే కాగితంగా కాక నిజమైన శిక్షణగా స్వీకరించాలి. తుపాకినీ తూటాలనూ వేర్వేరుగా, తాళం వేసిన చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి. లైసెన్సు చెల్లుబాటయ్యే ప్రాంతం పుస్తకంలో రాసి ఉంటుంది. రాయచూరు జిల్లాకు తెలంగాణా, ఆంధ్రప్రదేశూ సరిహద్దులు కనుక, కర్ణాటకకే పరిమితమైన లైసెన్సుతో గద్వాల వైపో, మంత్రాలయం వైపో తుపాకి తీసుకువెళ్లడం నేరమవుతుంది. ఎన్నికల ప్రకటన వెలువడినప్పుడు పరిశీలక కమిటీ ఆదేశించిన మేరకు తుపాకిని స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చే దురలవాటుకు 2019 సవరణ రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధిస్తుంది. పైకి పోయిన గుండు కింద పడక తప్పదని, పడినచోట ఎవరో ఒకరు ఉంటారని ఆ శిక్ష గుర్తుచేస్తున్నది.

పాత తుపాకి కొనేవారు గొట్టంలో తుప్పు గుంతలు, సొట్టలు ఉన్నాయేమో, బోల్టు గట్టిగా తాళం పడుతున్నదో లేదో, అర పొడవు ఎంత అని చెక్కారో లైసెన్సు గల డీలరు సమక్షంలో పరిశీలించి, వరుస సంఖ్య పుస్తకంలోని సంఖ్యతో సరిపోయిన తరువాతే డబ్బు చెల్లించాలి. సెమీ ఆటోమేటిక్ అయితే, తాను వాడబోయే తూటాలతోనే రేంజిలో కాల్చి చూపించమని కోరాలి, అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

రాయచూరు రైతుకూ, కాపలాదారుకూ ఇవ్వదగిన తీర్పు స్పష్టమైనది. పంటకు మడత తుపాకి, ఒకే తుపాకితో అన్ని పనులూ కోరేవారికి పంపు తుపాకి, రేంజి సాధకుడికి మాత్రమే సెమీ ఆటోమేటిక్. ఈ మూడింటిలో దేనికీ లేని ఒక భాగం శిక్షణ పొందిన మనిషి, దానిని దుకాణంలో కొనడం కుదరదు. లైసెన్సు కోసం దరఖాస్తు చేసే ప్రతి కుటుంబమూ నమూనా గురించి అడిగే ముందు, ఆ తుపాకిని ఎవరు పట్టుకుంటారు, ఎవరు నేర్పుతారు, ఇంట్లో ఎక్కడ తాళం వేస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవాలి. ఆ జవాబులు లేని ఇంటికి ఏ తుపాకీ తగినది కాదు.